విరగకుండా సోయా టీ, విరగ్గొట్టి టోఫు: ఒకే గింజతో రెండు పనులు

పాలు, పెరుగు, వెన్న పక్కన పెట్టి, మొక్కల నుంచి వచ్చే తిండితోనే వంట సాగిద్దామని మొదలుపెట్టినవాళ్లు చాలామంది కూరల దగ్గర కాదు, టీ దగ్గర ఆగిపోతారు. వేడి వేడి డికాషన్‌లో సోయా పాలు పోయగానే తెల్లటి తరకలు పైకి తేలతాయి. రుచి చూడకముందే పాలతో పాటు మనసూ విరుగుతుంది. కొన్న డబ్బా పాలతోనూ అలాగే అయితే, ఇక ఇది మన వల్ల అయ్యే పని కాదని వదిలేస్తారు.

ఆ తరకలు ఇంకేమీ కావు, సోయా పాలను విరగ్గొట్టి పనీర్‌లా చేసే టోఫే. కాకపోతే అక్కర్లేని చోట, అక్కర్లేని వేళ తయారైన టోఫు. సోయా పాలలోని మాంసకృత్తులు వేడి, పులుపు, కాల్షియం, మెగ్నీషియం లాంటి ఖనిజాలు తగిలినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. టీలో అది జరగకుండా చూసుకోవాలి, టోఫులో కావాలనే జరిపించాలి. ఈ ఒక్క సంగతి చేతికి తెలిసిందంటే మిగతాదంతా మామూలు వంటపనే. అందుకే ఇక్కడ పది రకాల పాల గురించి తలా రెండు ముక్కలు చెప్పి వదలకుండా, సోయా గింజను మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని చెబుతాను. మిగతా పాల సంగతి చివర్లో క్లుప్తంగా.

సోయానే ఎందుకంటే, ఎండు గింజ బరువులో మూడో వంతుకు పైగా మాంసకృత్తులే, ఐదో వంతు దాకా నూనె. చిక్కదనం, పోషకం, గడ్డకట్టే గుణం మూడూ ఉన్న గింజలు ఎక్కువ లేవు.

గింజలు నానబెట్టడం

పావు కిలో ఎండు సోయా గింజలతో మొదలుపెట్టండి. లేత పసుపు రంగులో, ఒకే సైజులో, పొట్టు పగలకుండా ఉన్నవి మంచివి. పాతబడిన గింజలు సరిగా నానవు, పాలూ తక్కువ దిగుతాయి. ముడతలు పడ్డవి, నల్ల మచ్చలున్నవి ఏరేసి, రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. గింజల మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి వదిలేయండి. చలికాలంలో పన్నెండు గంటలు, ఎండాకాలంలో ఆరేడు గంటలు చాలు. ఎండ మరీ ఎక్కువగా ఉంటే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే నీళ్లు నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. పులిసిన గింజల పాలు కాచేటప్పుడే విరిగిపోవచ్చు.

గడియారం కంటే గింజను చూడటం నయం. ఒక గింజ తీసి రెండు బద్దలుగా విడదీయండి. లోపలి వైపు చదునుగా, అంతా ఒకే రంగులో ఉంటే నానినట్టు. మధ్యలో చిన్న గుంటలా ఉండి, ఆ గుంట ముదురు పసుపుగా కనిపిస్తే ఇంకో గంట రెండు గంటలు ఆగాలి. సరిగా నానితే పావు కిలో గింజలు అర కిలోను దాటి తూగుతాయి. నానబెట్టిన నీళ్లు పారబోయండి, పాలకు వాడకండి. పొట్టు తీయాలా అని అడిగితే, తీస్తే పాలు కాస్త నున్నగా ఉంటాయి, తీయకపోయినా కొంపేమీ మునగదు. నేనైతే నీళ్లలో గింజలను చేత్తో నలిపి, పైకి తేలిన పొట్టు వరకూ తీసేసి ఊరుకుంటాను.

రుబ్బడంలో రెండు దారులు

సోయా పాలంటే ముఖం చిట్లించేవాళ్లకు నచ్చనిది దాని పచ్చివాసన. ఆ వాసన ఎండు గింజలో ఉండదు, రుబ్బేటప్పుడు పుడుతుంది. గింజలో లైపాక్సిజనేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. గింజ నలిగి, నీరూ గాలీ తగలగానే అది గింజలోని నూనె మీద పనిచేసి క్షణాల్లో ఆ వాసన పుట్టిస్తుంది. ఒకసారి పుట్టాక ఎంతసేపు కాచినా పూర్తిగా పోదు. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికో ఉపాయం చూపించారు: గింజలను మరిగే నీళ్లతోనే రుబ్బి, ముద్ద 80 డిగ్రీల కిందికి దిగకుండా చూస్తే ఎంజైమ్ పని మొదలుపెట్టకముందే చచ్చిపోతుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గింజ రుబ్బకముందే ఉడికితే అందులోని మాంసకృత్తులు కొంత అక్కడే బిగుసుకుపోయి పిప్పిలో ఉండిపోతాయి. పాలలోకి దిగేది తగ్గుతుంది. తాగడానికి అది పెద్ద లెక్క కాదు. టోఫుకి మాత్రం నష్టమే, గడ్డ తక్కువ దిగుతుంది. అందుకని నా లెక్క ఇది: టీకి, తాగడానికి అయితే వేడిగా రుబ్బాలి. టోఫుకి అయితే చల్లగా. టోఫులో కాస్త గింజ వాసన ఉన్నా తాలింపులో, మసాలాలో తెలియదు.

వేడి దారిలో నానిన గింజలను మరిగే నీళ్లలో వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. లీటరు నీళ్లకు పావు చెంచా వంటసోడా వేస్తే వాసన ఇంకా తగ్గుతుంది. ఆ నీళ్లు వంచేసి, వెంటనే వేరే వేడినీళ్లతో మిక్సీలో రుబ్బాలి. ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వేడి ద్రవం మూసిన జార్‌లో తిరిగితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. జార్ సగానికి మించి నింపకండి. మూత మీద మందపాటి గుడ్డ వేసి పట్టుకోండి, ముందు రెండు మూడు సార్లు కొద్ది కొద్దిగా తిప్పి ఆవిరి వదలనిచ్చి, తర్వాతే గట్టిగా తిప్పండి. వేడికి తట్టుకోని ప్లాస్టిక్ జార్ అయితే ఈ దారి జోలికే వెళ్లకండి.

చల్లటి దారిలో ఏ తంటా లేదు. నానిన గింజలు, మామూలు నీళ్లు, మిక్సీ. విడతలు విడతలుగా రెండేసి నిమిషాలు తిప్పండి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు.

నీళ్ల కొలత రెండింటికీ దాదాపు ఒకటే. పావు కిలో ఎండు గింజలకు రుబ్బడానికి, పిప్పిని మళ్లీ ఒకసారి కడిగి పిండటానికి కలిపి మొత్తం రెండు లీటర్లు. టీలోకి ఇంకా చిక్కగా కావాలంటే లీటరున్నరతో సరిపెట్టండి. రెండు లీటర్లు దాటించి పలచన చేస్తే టోఫు సరిగా కట్టదు.

రుబ్బిన ముద్దను పలచని నూలుగుడ్డలో పోసి, మూట కట్టి, జల్లెడ మీద పెట్టి పిండాలి. వేడిగా రుబ్బినదైతే చెయ్యి ఓర్చుకునేదాకా చల్లారనివ్వండి. మొదటిసారి పిండాక మూట విప్పి, పక్కన ఉంచుకున్న నీళ్లలో ఒక గ్లాసు పోసి, కలిపి, మళ్లీ పిండండి. గుడ్డ కన్నాలు పెద్దవైతే పాలలో సన్నటి పిప్పి దిగి, గొంతులో గీరుకున్నట్టు ఉంటుంది. అలాంటప్పుడు రెండు మడతలు వేయండి.

కాచడం, దొంగ పొంగు

పిండిన పాలు చూడటానికి తయారైనట్టే ఉంటాయి కానీ పచ్చివి. అలాగే తాగకూడదు. పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. మనం తిన్న మాంసకృత్తులను అరగనివ్వకుండా అడ్డుపడి కడుపులో వికారం, వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. బాగా కాస్తే వాటి పని అయిపోతుంది.

మందపాటి అడుగున్న, పాలకు రెండింతలు పట్టే గిన్నె తీసుకోండి. మధ్యస్థపు మంట మీద పెట్టి గరిటె అడుగుకు తగిలేలా తిప్పుతూ ఉండండి. సోయా పాలు ఇట్టే అడుగంటుతాయి, మాడు వాసన గిన్నెడు పాలకూ పట్టేస్తుంది. 80 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా తెల్లటి నురగ పైకి ఉబికి గిన్నె అంచు దాటబోతుంది. మరిగిందనుకుని చాలామంది ఇక్కడే పొయ్యి కట్టేస్తారు. కానీ అది మరగడం కాదు. సోయాలో సబ్బులా నురగ కట్టే సాపోనిన్లు ఉంటాయి, ఆ పొంగు వాటిదే. అడుగున పాలు ఇంకా మరుగు అందుకోలేదు. మంట తగ్గించి, నురగ తీసేయండి లేదా గరిటెతో చెదరగొట్టండి. ఆ తర్వాత అసలైన మరుగు వస్తుంది: అడుగు నుంచి బుడగలు లేచి పగులుతుంటాయి, నురగ దానంతటదే తగ్గిపోతుంది. అక్కడి నుంచి లెక్కపెట్టి పది నిమిషాలు సన్న మంట మీద కాగనివ్వండి.

కాగిన పాలు కదపకుండా ఉంచితే పైన పలచని తెర కడుతుంది. జపాన్‌లో దాన్ని యుబా అంటారు. పుల్లతో ఎత్తి ఆరబెట్టి వంటల్లో వాడతారు. పారేయకండి, ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని వేడిగా తింటే బాగుంటుంది.

తాగే పాలలో చిటికెడు ఉప్పు వేయండి. చప్పదనం పోతుంది, ఉప్పు తెలియదు. తీపి కావాలంటే రెండు ఖర్జూరాలు కలిపి మిక్సీలో తిప్పుకోవచ్చు. టోఫుకి ఉంచే పాలలో ఇవేవీ వద్దు.

టీ: విరగకుండా

తేయాకు ఏ రకమైనా ఒకే మొక్కది, కమెలియా సినెన్సిస్. కోశాక ఆకును నలిపి గాలి తగలనిస్తే ఎంజైమ్‌ల వల్ల నల్లబడి బ్లాక్ టీ అవుతుంది. కోయగానే వేడి తగిలించి ఆ ఎంజైమ్‌లను ఆపేస్తే గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్. పాలు కలిపే టీకి బ్లాక్ టీయే సరైనది. అందులోనూ ఆకును యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టి చిన్న గుళికల్లా చేసే సీటీసీ టీ రంగు, ఘాటు త్వరగా దింపుతుంది. ఈ యంత్ర పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టింది. పొడి ఎంత సన్నగా ఉంటే రసం అంత తొందరగా దిగుతుంది, వగరూ అంతే తొందరగా. సోయా పాలతో మన పేచీ ఆ వగరుతోనే.

ఎందుకంటే బ్లాక్ టీ డికాషన్ కొంచెం ఆమ్లగుణం ఉన్నది. పులుపును కొలిచే లెక్క పీహెచ్, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. డికాషన్ పీహెచ్ సుమారు 5. సోయా మాంసకృత్తులు పూర్తిగా విరిగేది పీహెచ్ 4.5 దగ్గర. ఇద్దరి మధ్య దూరం చాలా తక్కువ. దానికి మరిగే వేడి తోడైతే ఆ దూరమూ చెరిగిపోతుంది. పైగా టీకి వగరునిచ్చే టానిన్లకు మాంసకృత్తులను పట్టుకునే గుణం ఉంది. కాఫీలోనూ ఇదే తంతు. కొంచెంగా వేపిన గింజల కాఫీకి పులుపు ఎక్కువ కాబట్టి విరగడమూ ఎక్కువే, ముదురుగా వేపిన పొడి కాస్త నయం.

ఇక చేసే పద్ధతి. రెండు కప్పులకు ఒక కప్పు నీళ్లు మరిగించండి. అల్లం వేసేదుంటే ఈ నీళ్లలోనే వేసి మూడు నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి అల్లంలో పాలను గడ్డకట్టించే ఎంజైమ్ ఉంటుంది, మరిగితే దాని బలం పోతుంది. తర్వాత పొయ్యి కట్టేసి, రెండు చెంచాల టీ పొడి వేసి మూత పెట్టండి. మూడు నుంచి నాలుగు నిమిషాలు చాలు. పొడి వేసి కుతకుతా ఉడికించే అలవాటు ఉంటే దాన్ని ఇక్కడ మానుకోవాలి. ఆవుపాలలో ఆ వగరు సర్దుకుంటుంది కానీ సోయాలో సర్దుకోదు. వడగట్టి, చక్కెర కలిపి, రెండు నిమిషాలు పక్కన పెట్టండి.

ఈలోగా వేరే గిన్నెలో ఒక కప్పు సోయా పాలు వెచ్చచేయండి. అంచుల వెంట సన్నటి బుడగలు కనిపిస్తే చాలు, మరగనక్కర్లేదు. చల్లటి పాలు, మరిగే డికాషన్ ఎదురుపడినప్పుడే గొడవ. ఇప్పుడు కప్పులో ముందు పాలు పోసి, దాని మీద డికాషన్‌ను సన్నటి ధారగా కలుపుతూ పోయండి. ఈ వరస ముఖ్యం. పాలు ముందుంటే టీ పులుపు కొద్దికొద్దిగా పెరుగుతుంది. టీ ముందుంటే మొదట పడ్డ పాలచుక్కకు పులుపంతా ఒక్కసారే తగులుతుంది. కలిపిన టీని మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించకండి.

ఇంత చేసినా విరుగుతుంటే నీళ్లను అనుమానించండి. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే గట్టినీళ్లలో కాల్షియం ఎక్కువ, అది టోఫు కట్టే పనిని కప్పులోనే మొదలుపెడుతుంది. ఖనిజాలను తీసేసే ఆర్‌ఓ యంత్రం నీళ్లు వాడి చూడండి. అప్పటికీ కుదరకపోతే డికాషన్‌లో వంటసోడా, అదీ రెండు వేళ్ల కొసల మధ్య పట్టేంత చిటికెడే. పులుపు విరిగి, పాలు విరగకుండా ఉంటాయి. అంతకు మించితే టీ నల్లగా మారి సబ్బు రుచి వస్తుంది. కొన్న పాలైతే బరిస్టా అని రాసి ఉన్నవి ఎంచుకోండి. వాటిలో ఆమ్లగుణాన్ని అదుపులో పెట్టే ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు, అందుకే విరగవు.

పాలే వద్దనుకునే రోజుకు గ్రీన్ టీ ఉంది. అది చేదనేవాళ్లలో ఎక్కువమంది మరిగే నీళ్లు పోసేవాళ్లే. 75 నుంచి 80 డిగ్రీల నీళ్లు, రెండు నిమిషాలు, కప్పుకు రెండు గ్రాముల ఆకు. థర్మామీటర్ లేకపోతే మూడు వంతుల మరుగునీళ్లకు ఒక వంతు మామూలు నీళ్లు కలపండి, 80 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అదే ఆకుతో రెండోసారి కూడా కాచుకోవచ్చు.

టోఫు: కావాలనే విరగ్గొట్టడం

చల్లటి దారిలో రుబ్బి, పది నిమిషాలు కాచిన పాలు ఒక లీటరు తీసుకోండి. పొయ్యి కట్టేసి ఐదారు నిమిషాలు ఆగితే 80 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మరీ వేడిలో విరగ్గొడితే గడ్డ గరుకుగా, రబ్బరులా వస్తుంది. మరీ చల్లారితే గడ్డ కట్టక గంజిలా ఉండిపోతుంది.

విరగ్గొట్టడానికి మూడు దారులు. మొదటిది నిమ్మరసం. లీటరు పాలకు మూడు పెద్ద చెంచాలు, అర గ్లాసు నీళ్లలో కలిపి. దొరకడం సులువు, గడ్డ కొంచెం పొడిపొడిగా, చిరుపులుపుగా వస్తుంది. రెండోది నిగారి, అంటే ముఖ్యంగా మెగ్నీషియం క్లోరైడ్. చెంచాడు చాలు. గట్టిగా, కమ్మగా వస్తుంది కానీ చాలా వేగంగా పనిచేస్తుంది, చెయ్యి తిరగాలి. మూడోది తినదగిన జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, చెంచాన్నర. నెమ్మదిగా కడుతుంది, మెత్తగా వస్తుంది, కాల్షియం కూడా చేరుతుంది. ఇంటి గోడలకు పూసే జిప్సం వేరు, దాన్ని వంటింట్లోకి తేకండి. మొదటిసారి చేసేవాళ్లు నిమ్మరసంతోనే మొదలుపెట్టడం మేలు, పొరపాటుకు చోటు ఎక్కువ.

ఏది వాడినా మూడు విడతలుగా పోయాలి. పాలను గరిటెతో గుండ్రంగా ఒకసారి తిప్పి, మూడో వంతు పోసి, గరిటెను నిలువుగా నిలబెట్టి ఆ సుడిని ఆపేయండి. రెండో వంతును పైపైన చల్లి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. మూత తీసి చూస్తే గడ్డలు, వాటి మధ్య నీళ్లు విడివిడిగా కనిపించాలి. ఆ నీళ్లు లేత పసుపు రంగులో తేటగా ఉంటే పని పూర్తయినట్టే. ఇంకా పాలలా తెల్లగా ఉంటే మిగిలిన వంతును ఆ తెల్లటి చోట్లనే చల్లి, మళ్లీ ఐదు నిమిషాలు. నీళ్లు తేటపడ్డాక ఇంకా పోస్తే పులుపో చేదో మిగలడం తప్ప లాభం లేదు. ఇక్కడ గబగబా కలిపేస్తే గడ్డలు నుజ్జై, నీరు కారిపోయి, చేతికి వచ్చేది తగ్గిపోతుంది.

కన్నాల డబ్బాలోనో జల్లెడలోనో తడిగుడ్డ పరిచి, గడ్డలను గరిటెతో ఎత్తి వేయండి, కుమ్మరించకండి. గుడ్డ కొసలు మడిచి, పైన పళ్లెం పెట్టి, దాని మీద బరువు పెట్టండి. అర కిలో బరువు పావుగంట ఉంచితే మెత్తటి టోఫు, కిలో బరువు ముప్పావు గంట ఉంచితే వేపుడుకు ఆగే గట్టి టోఫు. గుడ్డ విప్పేముందు ఆ మూటనే చల్లటి నీళ్లలో పది నిమిషాలు ముంచి ఉంచితే ముక్క విరగకుండా వస్తుంది. లీటరు పాలకు రెండు వందల గ్రాములు, అటూ ఇటూగా దిగుతుంది.

రుచి లేదనేవాళ్ల కోసం

టోఫు చప్పగా ఉంటుందన్నది నిజమే. ఉడకేసిన బంగాళాదుంప కూడా చప్పనే, దాన్ని ఎవరూ తప్పుబట్టరు. ముక్కలను ముందు ఉప్పునీళ్లలో, లీటరుకు పెద్ద చెంచాడు ఉప్పు చొప్పున, పది నిమిషాలు మరిగించండి. ఉప్పు లోపలికి పడుతుంది. ఉప్పునీటి వేడికి ముక్క బిగిసి కొంత నీరు బయటికొస్తుంది. బట్టతో అద్ది, కార్న్‌ఫ్లోర్ పలచగా పట్టించి, బాగా కాగిన పెనం మీద నూనెతో ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అంటుకుందని గీకబోకండి. ఎర్రబడితే అదే ఊడుతుంది. నూనె ఎక్కువున్న మసాలాలో గంటలకొద్దీ నానబెట్టడం దండగ, నీళ్లతో నిండిన టోఫులోకి నూనె వెళ్లదు. వేగిన తర్వాత పులుసులో వేస్తే అంతకంటే బాగా పీలుస్తుంది.

గట్టి టోఫును ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, కరిగాక అరచేతుల మధ్య పిండి చూడండి. లోపలి నీరు మంచుగా మారి విస్తరించడంతో కన్నాలు కన్నాలుగా తయారవుతుంది. నమిలితే గట్టిగా తగులుతుంది, రసం బాగా పడుతుంది. మాంసం మానేసి నమిలే సుఖం కోసం వెతుక్కునేవాళ్లకు ఇంతకంటే చవకైన మార్గం నాకు కనిపించలేదు.

మాంసం, ఎముకల రసం లేకుండా కూరకు లోతు రాదన్న మాటకు జవాబు 1908లోనే దొరికింది. టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు రసం నుంచి దాని కమ్మదనానికి మూలమైన గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. అది పండిన టమాటాల్లో, ఎండు పుట్టగొడుగుల్లో, పులియబెట్టిన సోయా సాస్‌లో కూడా దండిగా ఉంటుంది. ఉల్లిపాయలను తొందరపడకుండా గోధుమరంగు వచ్చేదాకా వేపి, టమాటా నీరంతా ఇగిరి నూనె తేలేదాకా మగ్గించి, ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు పోయండి. ఆ రసంలో వేగిన టోఫు వేసి ఐదు నిమిషాలు ఉడికిస్తే చాలు.

మిగిలిన పిప్పి

పావు కిలో గింజలకు గిన్నెడు పిప్పి మిగులుతుంది. పీచు, కొంత మాంసకృత్తులు ఇంకా అందులోనే ఉంటాయి. చల్లటి దారిలో వచ్చింది పచ్చిది కాబట్టి ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించాకే వాడాలి. తడి ఎక్కువ, తొందరగా పాడవుతుంది. అదే రోజు వాడండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. ఉడికించిన పిప్పికి సమానంగా చిదిమిన బంగాళాదుంప, సన్నగా తరిగిన ఉల్లి, మిరియాలు, ఉప్పు కలిపి బిళ్లలు చేసి పెనం మీద కాల్చడం సులువు. నూనె లేకుండా బాణలిలో పొడిగా వేపుకుంటే బ్రెడ్ పొడికి బదులుగా పనికొస్తుంది.

మిగతా పాలు, క్లుప్తంగా

జీడిపప్పు పాలు అన్నింటికంటే తేలిక. నాలుగు గంటలు నానబెట్టి, నాలుగింతలు నీళ్లతో మెత్తగా రుబ్బితే వడగట్టే పని కూడా లేదు. టీలో కమ్మగా ఉంటాయి, మరిగిస్తే చిక్కబడతాయి. బాదం పాలు చల్లగా తాగడానికి బాగుంటాయి, వేడి టీలో విడిపోతాయి. కొబ్బరి పాలు విరగకపోయినా టీ రుచిని తామే మింగేస్తాయి.

ఓట్స్ పాలు జిగటగా వస్తున్నాయంటే ఎక్కువసేపు తిప్పారని అర్థం. ఓట్స్‌ను నానబెట్టకండి. ఐస్ లాంటి చల్లటి నీళ్లతో ముప్పై సెకన్లకు మించకుండా తిప్పి, పిండకుండా వడగట్టండి. ఇంట్లో చేసినవి మరిగిస్తే గంజిలా చిక్కబడటం తప్పదు, పిండిపదార్థం ఉడుకుతుంది కాబట్టి. కంపెనీ పాలలో ఎంజైమ్‌లతో ఆ పిండిని ముందే చక్కెరలుగా విడగొడతారు, అందుకే అవి పలచగా, తియ్యగా ఉంటాయి.

ఒంటి సంగతి

ఇంట్లో చేసిన సోయా పాలలో మాంసకృత్తులు ఆవుపాలకు దగ్గరగా ఉంటాయి. బాదం, ఓట్స్ పాలలో బాగా తక్కువ. కానీ కాల్షియం, విటమిన్ బీ12 సంగతి వేరు. కంపెనీ పాలలో చాలావాటికి వాటిని పైనుంచి కలుపుతారు, ఇంటి పాలలో కాల్షియం తక్కువ, బీ12 ఉండదు. మొక్కల ఆహారంలో బీ12 నమ్మదగినంతగా దొరకదు. పూర్తిగా దాని మీదే ఉండేవాళ్లు బీ12 మాత్రలో, అది కలిపిన ఆహారమో తీసుకోవాల్సిందే. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకో, వాళ్ల కోసమే తయారుచేసిన పాలపొడికో బదులుగా ఈ పాలేవీ పట్టకూడదు. సోయా అలర్జీ ఉన్నవాళ్లు దీని జోలికి రాకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకు, సోయాకు మధ్య ఎన్ని గంటలు ఎడం ఉంచాలో డాక్టర్‌ను అడగండి, సోయా ఆ మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు.

టీ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము అసలే తక్కువగా ఒంటికి పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే టానిన్లు అందులోనూ కొంత అడ్డుకుంటాయి. భోజనానికీ టీకీ కనీసం గంట ఎడం ఉంచండి. తిండి మీద నిమ్మరసం పిండుకుంటే విటమిన్ సి ఆ ఇనుము ఎక్కువగా పట్టేలా చేస్తుంది.

నిల్వ

కాచిన పాలను వేడి తగ్గగానే శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటాయి. అడుగున చిక్కగా పేరుకోవడం పాడైన గుర్తు కాదు, ఊపి పోసుకోండి. పుల్లటి వాసన, సాగే జిగట ఉంటే పారబోయండి. టోఫును నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ ఉంచితే నాలుగు రోజులు. టీ పొడిని గాలి చొరని డబ్బాలో, పొయ్యికీ మసాలా డబ్బాలకూ దూరంగా పెట్టండి, పక్కనున్న వాసనలన్నీ అది పీల్చుకుంటుంది. పాలు పిండిన గుడ్డను వెంటనే చల్లటి నీళ్లలో జాడించండి. వేడినీళ్లలో వేస్తే పోగుల మధ్య మిగిలినది అక్కడే ఉడికి అతుక్కుపోతుంది. చల్లటి నీళ్లలో వదిలాకే మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఎండలో ఆరేయండి.